గాలిది తప్పు కాని రోజు

కూర్మయ్యకు చేప పడదు.

అతడు కట్టిన గాలం చూసినవారెవరూ ఈ మాట నమ్మరు. కోడిపుంజు మెడ ఈకలు ఇరువైపులా, నడుమ కొంగ తెల్లనీక, వాటిని బిగించి పట్టిన ఎర్రని పట్టుదారం. ఇవన్నీ ఇనుపకొక్కెం మీద అతని చేతిలో అమరితే, అప్పుడే నీట కన్ను తెరచిన పిల్లచేప వలె తోచేది. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర అంతటి పనితనం మరొకరికి లేదని తోటి శిష్యులే ఒప్పుకునేవారు. అయినా ఆ గాలానికి ఏ పండుగప్ప చేపా నోరు తెరవలేదు.

అతని గురువు తవిటిదాసు. ఆయన పడవల మీద పుట్టి పెరిగినవాడు. నడివయస్సులో తత్త్వమెరిగి, మొగ ఒడ్డున ఇసుకదిబ్బ మీద తాటాకుల ఇల్లు వేసుకొని, వెతుక్కుంటూ వచ్చినవారికి తనకు తెలిసినది చెప్పేవారు. దానిని ఆశ్రమమని ఎవరూ అనలేదు. దాసుగారిల్లు అనేవారు.

ఆ యింట పగలంతా గాలం వేయడం, సాయంకాలం అందరూ కలిసి భోంచేయడం, ఆపైన తత్త్వాలు పాడుకోవడం. గాలానికి ఎర గుచ్చరాదు. "మన ఆకలికి చేపను చంపుతున్నాం. దానికోసం ఇంకొక ప్రాణిని కొక్కేనికి గుచ్చవద్దు" అనేవారు దాసుగారు. అందుచేత ఎరకు బదులు ఈకలు.

భోజనపంక్తికి సంబంధించి మరొక నియమం ఉండేది. చేప తెచ్చినవాడు మాటాడరాదు. ఉత్తచేతులతో వచ్చినవాడు మాత్రం ఆనాడు ఏమి జరిగిందో అందరూ వినేటట్టు చెప్పాలి.

ఈ నియమం వల్ల కూర్మయ్యకు మాట చక్కగా అలవడింది.

ఒకనాడు తూర్పుగాలి గాలాన్ని ఒడ్డుకు విసిరికొట్టింది. ఒకనాడు ఎగువన వానలు పడి నీరు బురదెక్కింది. నీటిపిల్లులు చేపలను చెదరగొట్టాయి. అవతలి గట్టున ఎవరో వల విదిలించారు. పోటు ముందుగా తిరిగిపోయింది. నాచు తేలివచ్చింది. ఇందులో ఏ ఒక్కటీ కల్పన కాదు. అన్నీ జరిగినవే. చేపలేని చారన్నం కలుపుకుంటూ కూర్మయ్య వాటిని గాథల వలె వర్ణించేవాడు. గురువుగారి యింట పాడుకునే తత్త్వాలలోని మంచి మంచి పదాలు అతని నోట అలవోకగా దొర్లేవి.

దాసుగారి భార్య రాజులమ్మ ఒకనాడు వడ్డిస్తూ వడ్డిస్తూ గరిట ఆపేసింది.

"ఒరే కూర్మీ! గాలానికి ఈకలు కట్టరా అంటే మాటలకి కడతావేట్రా?"

పంక్తి పంక్తంతా నవ్వింది. కూర్మయ్య కూడా నవ్వాడు. దాసుగారు మాత్రం నవ్వలేదు. మందలించనూ లేదు.

"చెప్పనీవే" అన్నారు.

అలా కూర్మయ్య ఏరుదాటి ఆ యింటికి వచ్చిన నాటినుండి శరత్కాలం వరకు గడిచింది. ఇక గడవడానికి వీలులేని రోజు వచ్చింది. మరునాడు ఉదయం పోటుతో కూర్మయ్య తండ్రి దండాసి పడవ తెస్తాడు. వేట ముమ్మరమయ్యే కాలం. దండాసికి తెడ్డు దగ్గర రెండవ మనిషి లేడు. కొడుకును అంతకాలం వదలిపెట్టడమే ఎక్కువ. ఉపదేశం పొంది వచ్చి, తమ పేటలో నోరుమూసుకుపోయిన భజనకోవెలను కొడుకు తిరిగి పాడిస్తాడని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ యింట ఉపదేశం పొందినవారిలో చేప పట్టనివాడు ఇంతవరకు లేడు. చేప పడితేనే ఉపదేశమని దాసుగారు ఎన్నడూ అనలేదు. అయినా శిష్యులందరూ అలాగే అనుకునేవారు. కూర్మయ్య కూడా అలాగే అనుకున్నాడు. కాబట్టి అతనికి మిగిలినది ఆ ఒక్క పగలు.

ఆ పగలు ఎటువంటిదని!

ఆకాశం కడిగి ఆరవేసినట్టు ఉంది. నేలగాలి పిల్లనగ్రోవి ఊదేవాని ఊపిరి వలె మెల్లగా, తెంపులేకుండా సముద్రం వైపు సాగుతున్నది. ఎగువ బురద ఏనాడో అడుగుకు దిగిపోయింది. నీటి కింద ఇసుక మీది ముడతలు కూడా కనబడుతున్నాయి. అలలు ఒడ్డును తాకి, తాకినందుకు నొచ్చుకున్నట్టు వెనుదిరుగుతున్నాయి.

తోటి శిష్యుడు ముత్యాలు తన గాలపుగెడ భుజాన వేసుకొని అవతలి ఇసుకమేటకు పోతూ ఆగాడు. వాడు కూర్మయ్య కంటె చిన్నవాడు. ఆ శ్రావణంలోనే ఉపదేశమైనవాడు.

"బావా! ఈరోజు కూడా పడకపోతే ఏటి సెప్తావు? సూరీడు మీద పెడతావా?"

"ముందు నీ గాలం సరిచూసుకో. ఆ ఈకలు కట్టింది నువ్వా, కోడే వాలిందా?"

"కోడైనా, కొంగైనా, సేపకి నచ్చాల గదా బావా!" అని నవ్వుతూ వాడు నీళ్ళలో దిగి వెళ్ళిపోయాడు.

కూర్మయ్య మోకాటిలోతు నీట నిలిచి గాలం విసిరాడు. వెదురుగెడ వంగి లేచింది. దారం గాలిలో పొడవుగా సాగి, ఈకలగాలం నీటిమీద చప్పుడు లేకుండా వాలింది. అంత చక్కగా అతడు అంతకుముందు ఎన్నడూ విసరలేదు.

చేప వచ్చింది.

నీరు తేటగా ఉండటం వల్ల అతనికి అంతా కనబడింది. పండుగప్ప ఒకటి లోతునుండి పైకి తేలి, గాలం వెంట కొంతదూరం సాగింది. దాని మూతి ఈకలకు తగిలేటంత దగ్గరకు వచ్చింది. అక్కడ ఆగి, చూసి, తొందరేమీ లేకుండా వెనుదిరిగింది.

కూర్మయ్య గాలం మార్చాడు. తెల్లనీక తీసి నల్లది కట్టాడు. మరొక చేప వచ్చి చూసి వెళ్ళిపోయింది. నల్లది తీసి నెమలికంఠపు నీలం కట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. పోటు నిండి, వెనక్కు తీసింది. అతడు గాలం మారుస్తూ, విసురుతూ, లాగుతూ ఉన్నాడు.

పొద్దు వాలిన తరువాత ఇసుకగట్టు నీడలో ఒక పెద్ద చేప కదలకుండా నిలిచి ఉండటం చూశాడు. ఊపిరి బిగబట్టి, సరిగ్గా దాని ముందుకు గాలం విసిరాడు. గాలం దగ్గరకు వస్తుంటే ఆ చేప తోక ఒక్కసారి ఆడించి, ఇరుకుదారిలో ఎదురైన పెద్దమనిషికి తప్పుకున్నట్టు పక్కకు జరిగి, గాలానికి దారి ఇచ్చింది. గాలం వెళ్ళిపోయాక మళ్ళీ తన చోటికి వచ్చి నిలిచింది.

కూర్మయ్య గెడ దించేశాడు.

అవతలి మేట మీద ముత్యాలు గెడ ఎత్తాడు. దాని కొసన వెండిపలక వలె ఏదో తళుక్కుమంది. అదే నీరు. అదే గాలి. అదే పోటు.

కూర్మయ్య ఆకాశం వైపు చూశాడు. మబ్బుతునక లేదు. నీటి వైపు చూశాడు. నాచుపోగు లేదు. గాలి చెంపకు తగిలీ తగలనట్టు ఉంది. సాయంకాలం పంక్తిలో కూర్చున్నాక చెప్పుకోవడానికి ఒక్క కారణం కోసం అతడు ఆ నిర్మలమైన పగటినంతా వెతికాడు. అది ఏదీ ఇవ్వలేదు. చేపను ఇవ్వకపోవడం కంటె అదే అతనికి ఎక్కువ కోపం తెప్పించింది.

తండ్రి ముఖం కళ్ళలో మెదిలింది.

మొలకు దోపుకున్న చురకత్తి తీశాడు. ఈకలు కత్తిరించడానికి వాడే కత్తి అది. గాలానికి పైన దారం పట్టుకొని ఒక్క కోత కోశాడు. గాలం నీట పడి, ఈకలు విప్పుకొని, వాలుకు కొంతదూరం ఆడుకుంటూ పోయి మునిగింది. అతని చేతిలో ఉన్నంతకాలం అది అంత అందంగా ఎన్నడూ కదలలేదు.

దీపం పెట్టకముందే పంక్తి కూర్చుంది. ముత్యాలు తెచ్చిన చేప పులుసుగా ఉడికి, ఇల్లంతా చింతపండు వాసన వేస్తున్నది. నియమం ప్రకారం ముత్యాలు నోరు మూసుకొని, కళ్ళతోనే మురిసిపోతున్నాడు.

రాజులమ్మ కూర్మయ్య ముందు అన్నం పెట్టి ఎదురుగా చతికిలబడింది.

"సెప్పరా నాయినా. ఈరోజు గాలి నేదు, బురద నేదు, నీటిపిల్లి నేదు. ఏటి సెప్తావో ఇనాలనుంది."

కూర్మయ్య చెప్పాడు.

మధ్యాహ్నపుటెండలో నీరు గాజుపలక వలె ఉన్నదన్నాడు. ఆ పలక కింద ఒక నీడ కదిలిందన్నాడు. అది చేప నీడ అని మొదట పోల్చుకోలేకపోయానన్నాడు, అంత పెద్దది గనుక. గాలం వాలీ వాలకముందే నీరు నోరు తెరచినట్టు తెరచుకున్నది. గెడ కొస నీటిని ముద్దాడింది. పాదాల కింద ఇసుక జారిపోయింది. సముద్రమే తనను రమ్మని చేయి పట్టి లాగినట్టు అయింది.

కలిపిన ముద్దలు చేతుల్లోనే ఉండిపోయాయి.

"ఓలమ్మ! ఎంతుంటాదిరా?" అన్నది రాజులమ్మ.

"మా నాన్న తెడ్డంత."

"నా తండ్రే! మరేటైంది?"

"దారం తెగిపోయిందమ్మా."

రాజులమ్మ నిజంగానే గుండె మీద చేయి వేసుకుంది. ముత్యాలు ఇక ఆగలేక నియమం మరచిపోయాడు.

"గురువుగారూ! గాలం పట్టిందంటే సేప పడినట్టే గదా! తెగిపోడం దారం తప్పు, బావ తప్పేటుంది? రేపు దండాసి మావ వొచ్చేస్తాడు. ఉపదేశం ఇచ్చియ్యండి."

"అవునండీ, ఇచ్చియ్యండి" అన్నది రాజులమ్మ కూడా. మిగిలినవారు తలలూపారు. ఇన్నాళ్ళు నవ్విన పంక్తి ఆ పూట అతని పక్షాన నిలిచింది.

దాసుగారు చేయి కడుక్కున్నారు.

"గెడ తీసుకురా, కూర్మయ్యా."

తెచ్చాడు. ఆయన దారాన్ని మెల్లగా వేళ్ళ మధ్యనుండి జార్చుకుంటూ కొసవరకు వచ్చారు. కొసను పొయ్యి వెలుతురు వైపు ఎత్తలేదు. కళ్ళ దగ్గరకు తీసుకోలేదు. అలాగే కూర్మయ్య చేతికి అందించారు.

"దీనికి వేరే గాలం కట్టు."

"ఇప్పుడా? చీకటి పడింది గదా గురువుగారూ. కొస కనబడదు."

"కంటికి కనబడనక్కరలేదు. వేలితో చూడు."

కూర్మయ్య చూశాడు.

చేప తెంచిన దారం ఎలా ఉంటుందో ఆ యింట అందరికీ తెలుసు. అది సాగి సాగి, పోగులు విడిపోయి, ఒక్కొక్క పోగు ఒక్కొక్కచోట తెగి, అరిగిపోయిన కుంచె వలె ఉంటుంది. తన వేలికింద ఉన్న కొస కొత్తగా తీసిన గోరు వలె నున్నగా, మొద్దుగా ఉంది. ఒక్క క్షణం ముందు గురువుగారి వేలు కూడా అక్కడే ఉంది.

అతడు తల ఎత్తలేదు. సంచిలోనుండి మరొక గాలం తీసి ముడి వేయబోయాడు. ముడి జారింది. మళ్ళీ వేశాడు. పంక్తిలో ఎవరికీ ఏమీ తెలియలేదు.

"బిగిసిందా?" అన్నారు దాసుగారు.

"బిగిసింది."

"వీళ్ళు నీకు ఉపదేశం ఇమ్మంటున్నారు. ఇవ్వమంటావా?"

ఇవ్వమంటే చాలు. ఆ గొంతులో కోపం లేదు, పరిహాసం లేదు. అడిగితే ఆయన ఇచ్చేటట్టే ఉన్నారు. కూర్మయ్యకు భయం వేసింది అందుకే.

"పొద్దున్న చెప్పు" అని దాసుగారు ఏకతార అందుకున్నారు.

మరునాటి ఉదయం కూడా అంత నిర్మలంగానే వచ్చింది. పోటుతోపాటు దండాసి పడవ మొగలోకి వచ్చింది. ఆయనతో పేటవాళ్ళు మరికొందరు ఉన్నారు. పడవ ముందుభాగాన అంచులకు పసుపు అద్దిన కొత్తపంచె మడతపెట్టి ఉంది.

పడవ ఇసుక తాకకముందే ముత్యాలు నీళ్ళలోకి పరుగెత్తాడు.

"మావా! నీ కొడుకు గాలానికి నిన్న నీ తెడ్డంత సేప పట్టింది! దారం తెగిపోనాది గానీ, నేకపోతే బావే దాంతో ఎల్లిపోయుండేవోడు!"

దండాసి ముఖం వికసించింది. ఒడ్డుకు దూకి వెనుకవారి వైపు తిరిగాడు.

"నాను సెప్పనేదా? మా గుంటడి సేతిలో సత్తువుందని సెప్పనేదా? ఆల తాత సేతిలో ఉండేది, మళ్ళీ ఈడికే వొచ్చింది!"

పేటవాళ్ళు సంతోషంగా కేకలు వేశారు. దండాసి కొత్తపంచె చేత పట్టుకొని కొడుకు ఎదుట నిలిచాడు.

"నిజవేనా బాబూ?"

దాసుగారు కొంచెం దూరంలో, తలకిందులుగా బోర్లించిన పడవ నీడన కూర్చొని వెదురు నునుపు చేస్తున్నారు. తల ఎత్తలేదు.

కూర్మయ్య తండ్రి ముఖం చూశాడు. ఆ ముఖంలో అంత వెలుగు అతడు ఏనాడూ చూడలేదు. నోరు తెరిస్తే అది ఆరిపోతుంది.

"నేదు నాయినా" అన్నాడు.

"ఏటి నేదు?"

"సేప పట్టనేదు. దారం తెగనేదు. నానే కోసేశాను. రాత్రి అందరికీ అబద్ధం సెప్పాను."

ముత్యాలు నోరు తెరచి నిలిచిపోయాడు. రాజులమ్మ గుమ్మంలో ఆగిపోయింది. పేటవాళ్ళలో ఒకడు దగ్గి, దగ్గును మింగేశాడు.

దండాసి చేతిలోని పంచెను ఇటునుండి అటు మార్చుకున్నాడు. కొడుకు కోసం ఆయన కూడా ఒక కారణం వెతకసాగాడు.

"మరి... గాలేటైనా తిరిగిందేమో? తూరుపు తిరిగితే ఎవుడికీ పడదు. నాకు తెలీదేటి?"

"గాలి బాగుంది."

"నీరు ఎర్రబారిందా? ఎగువ వానలు..."

"నీరు బాగుంది నాయినా. పోటు బాగుంది. సేపలొచ్చాయి, సూశాను. నాకు పడనేదు."

ఆ మాటల్లో ఒక్క అలంకారం లేదు. తల్లి దగ్గర నేర్చుకున్న మాటలు అవి. కూర్మయ్య వాటిని చెప్పి ఊరుకున్నాడు.

"అయితే ఎక్కు. పోటు తిరిగిపోతాది" అన్నాడు దండాసి. కొత్తపంచెను పడవలోకి విసరబోయి, విసరలేక, మెల్లగా మడతపెట్టి పెట్టాడు.

కూర్మయ్య గురువుగారి దగ్గరకు వెళ్ళి ఇసుకలో సాగిలపడ్డాడు. లేచి, ఏమీ అడగకుండా వెనుదిరిగి, నీట దిగి, పడవ అంచు మీద చేయి వేశాడు.

"దండాసీ" అన్నారు దాసుగారు.

ఆయన వెదురు పక్కన పెట్టి లేచారు. ఒంటిమీది ఇసుక దులుపుకున్నారు.

"పడవ కాసేపు ఆపు. ఆ పంచె ఇటు తే. కూర్మయ్యా, నువ్వు అక్కడే తల తడిసేటట్టు మునిగి రా. ఉపదేశం ఎండలో ఇవ్వకూడదు. పడవనీడకు వచ్చేయి."

కూర్మయ్యకు చేయి పడవ మీదనుండి రాలేదు.

"గురువుగారూ, నాకు చేప పడలేదు గదా" అన్నాడు.

"చెప్పావు గదా నాయనా" అన్నారు దాసుగారు. "విన్నాను."